ఖాళీ చోట తెరుచుకున్న మెనూ

ప్రోగ్రాం రాయడం మీకు ఎవరైనా నేర్పుతారు. రాసిన దాంట్లోంచి పనికొచ్చే రెండు లైన్లు తీసెయ్యమని పైవాళ్లు చెప్పినప్పుడు ఏం చెయ్యాలో మాత్రం ఏ కాలేజీలోనూ చెప్పరు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నిజంగా నేర్చుకోవలసింది ఆ రెండోదే. అది అర్థమయ్యేసరికి రిటైరయ్యాను.

నా పేరు ఎస్తేరు. పుట్టింది శంషాబాద్‌లోనే. మా నాన్న బస్సు కండక్టరు. మా చిన్నప్పుడు ఊరు దాటితే జొన్న చేలు, రాళ్ల గుట్టలు. విమానాశ్రయం వచ్చాక ఆ చేలల్లో గోదాములు లేచాయి. వాటిలో ఒకటి ఒక సరుకు రవాణా సంస్థది. పేరు అనవసరం. విమానంలో దిగిన సరుకును అక్కడ దించుకుని, తీసుకోవడానికి వచ్చినవాళ్లకు అప్పగిస్తారు. వేరే ఊళ్లకు పోవలసినవి లారీలకెక్కిస్తారు. ఆ గోదాంలో కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు వాడే ప్రోగ్రాములు రాయడం నా పని. ఇంటర్నెట్‌లో కనపడే గొప్ప గొప్ప సైట్లేమీ కావు. తెర మీద ఒక కిటికీ, అందులో ఒక జాబితా, నాలుగు బటన్లు. అంతే. చూసినవాళ్లు "ఇంతేనా?" అంటారు. ఇంతే.

నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. చెప్పుకోదగ్గవి రాలేదు కూడా. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు ఒక మనిషి గురించి, ఒక మెనూ గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను.

కింద కూర్చోబెట్టిన సారు

నేను చేరినప్పుడు మా పైఅధికారి ఖాదర్ సార్. పాతబస్తీ మనిషి. మొదటి రోజు నాకు కుర్చీ, బల్ల చూపించలేదు. మెట్లు దింపి నేరుగా గోదాంలోకి తీసుకుపోయి, సరుకు అప్పగించే కౌంటరు దగ్గర ఒక స్టూలు వేయించారు.

"చూడు బేటా, వీళ్లు ఒక చేత్తో ఫోన్ పట్టుకుంటరు. ఒక కన్ను బండి మీద ఉంటది. మిగిలిన చేత్తో నీ మౌస్ పట్టుకుంటరు. నువ్వు ఆ చేతి కోసం రాయాలె. నిమ్మళంగ కూసొని చదివెటోని కోసం కాదు" అన్నారు.

కొన్ని వారాలు ఒక్క లైను కూడా రాయనివ్వలేదు. నాకు అవమానంగా అనిపించింది. చదువుకున్న మనిషిని తెచ్చి హమాలీల మధ్య కూర్చోబెట్టాడేమిటి అనుకున్నాను. కానీ అక్కడే చూశాను. శీతల గదిలో పనిచేసేవాళ్లు మందపాటి గ్లౌజులతోనే మౌస్ నొక్కుతారు. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. అప్పగింత చీటీలు రెండు వస్తాయి. ఒకే సరుకు కోసం ఇద్దరు మనుషులు గేటు దగ్గరికి వచ్చి కొట్లాడుకుంటారు. పైన కూర్చున్నవాళ్లు మాత్రం "జాగ్రత్తగా నొక్కండి" అని గోడకు కాగితం అంటించారు.

ఖాదర్ సార్ ఆ కాగితం చించేశారు. ఒకసారి నొక్కగానే బటన్ కాసేపు పనిచేయకుండా చెయ్యమని నాతో చెప్పారు. నేను రాసిన మొదటి ప్రోగ్రాం అదే. తర్వాత గేటు దగ్గర ఆ గొడవలు ఆగిపోయాయి.

నేను చూసిన అధికారుల్లో మనిషిని తిట్టకుండా బటన్‌ను మార్చినవాడు ఆయనొక్కడే. ఆయన ఉద్యోగం వదిలి వెళ్లాక వచ్చినవాళ్లందరికీ బటన్‌ను మార్చడం కన్నా మనిషిని మార్చడమే చౌకగా కనిపించింది.

ఆ రెండు లైన్లు

ఇక మెనూ సంగతి. జర ఓపిగ్గా చదవండి. కష్టమైనదేమీ కాదు.

గోదాంలో ఉన్న సరుకంతా తెర మీద ఒక జాబితాగా కనిపిస్తుంది. ఒక్కో పెట్టెకు ఒక్కో వరస. ఒక వరస మీద మౌస్ కుడి బటన్ నొక్కితే, అంటే రైట్ క్లిక్ చేస్తే, చిన్న మెనూ తెరుచుకుంటుంది. అందులో మూడు పనులు: అప్పగించు, ఆపి ఉంచు, లారీకి పంపు. కావలసిన దాన్ని నొక్కగానే పని జరిగిపోతుంది. కింద హమాలీల దగ్గరున్న తెర మీద ఆ ఆజ్ఞ కనిపిస్తుంది.

"నిజంగానే పంపాలా?" అని మళ్లీ అడిగితే మంచిది కదా అని మీకు తోచవచ్చు. నాకూ తోచింది. ఖాదర్ సార్ వద్దన్నారు. "పొద్దంత అడిగే ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరు బేటా. చదవకుండనే నొక్కేస్తరు" అన్నారు. నిజమే. నేను కూడా అలాంటి ప్రశ్నలను చదవకుండానే నొక్కేస్తాను. అందుకే అడగడం కాకుండా, అసలు తప్పు జరగడానికే వీలులేకుండా చూడాలి.

ఇక్కడొక చిక్కుంది. జాబితా కింద ఎప్పుడూ కొంత ఖాళీ జాగా ఉంటుంది. పైన శీర్షికల పట్టీ ఉంటుంది. పక్కన బటన్లుంటాయి. వాటి మీద కూడా ఎవరైనా రైట్ క్లిక్ చేయవచ్చు. అప్పుడు మెనూ తెరుచుకుంటే అది ఏ పెట్టె గురించి? ఏ పెట్టె గురించీ కాదు. కానీ ప్రోగ్రాంకి ఆ సంగతి తెలియదు. అంతకుముందు ఎంచుకున్న వరస ఏదైతే నీలి రంగులో మిగిలి ఉందో, దానికే ఆ ఆజ్ఞ అంటగడుతుంది. మీరు ఖాళీ జాగాలో నొక్కారు. పని మాత్రం ఎక్కడో పైనున్న పెట్టె మీద జరిగింది.

దానికి మందు రెండు లైన్లు. క్లిక్ జాబితా మీదే పడిందా? పడితే ఏ వరస మీద పడింది? ఈ రెండూ కంప్యూటరే చెబుతుంది. వరస ఏదీ లేకపోతే సున్నా అని చెబుతుంది. సున్నా వస్తే మెనూ చూపించకుండా వెనక్కి తిరిగిపో. అంతే. నేను మొదటి నుంచీ అలాగే రాశాను. కొన్నేళ్లపాటు ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఈ పనిలో మంచిగా రాసినదాన్ని గురించి ఎవరూ మాట్లాడరు.

పెద్దాయన ముందు

ఖాదర్ సార్ తర్వాత శ్రీధర్ గారొచ్చారు. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి. గొంతు పెంచరు. ఎవరినీ నువ్వు అనరు. మొదట్లో నాకు గౌరవంగానే ఉండేది. మర్యాదగా మాట్లాడేవాళ్లు మర్యాదగానే నడుచుకుంటారని ఆ వయసులోనూ నమ్మాను.

ఒకరోజు సంస్థ డైరెక్టరు గోదాం చూడటానికి వచ్చారు. కొత్త తెర చూపిద్దామని శ్రీధర్ గారు ఆయన్ను కౌంటరు దగ్గర కూర్చోబెట్టారు. ఆయన మౌస్ పట్టుకుని జాబితా కింద ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేశారు. ఏమీ రాలేదు. మళ్లీ చేశారు. రాలేదు.

"ఇది పనిచెయ్యట్లేదే" అన్నారు.

నేను పక్కనే ఉన్నాను. "పెట్టె ఉన్న వరస మీద నొక్కాలి సార్. ఖాళీ చోట కావాలనే రానివ్వలేదు" అన్నాను.

ఆయన నవ్వారు. "ఎక్కడ నొక్కాలో మనిషి వెతుక్కోవాలా? ఎక్కడ నొక్కినా రావాలమ్మా" అన్నారు.

ఆయన వెళ్లిపోయాక శ్రీధర్ గారు నన్ను తన గదిలోకి పిలిచారు.

"ఎస్తేరు గారూ, ఆ మెనూ ఎక్కడ క్లిక్ చేసినా వచ్చేలా చేసేయండి."

"అది ప్రమాదమండీ. ఖాళీ చోట నొక్కితే వేరే పెట్టె మీద పని జరుగుతుంది" అన్నాను. కాగితం మీద గీసి మరీ చూపించాను. ఇదిగో జాబితా, ఇదిగో ఖాళీ జాగా, ఇదిగో నీలి వరస.

ఆయన బొమ్మ చూశారు. అర్థమయింది. అర్థం కాలేదని నేను ఎప్పటికీ అనను. "మనవాళ్లు చూసే నొక్కుతారండీ. పెద్దాయన ముందు తెర ఖాళీగా నిలబడిపోయింది. ఎలా ఉందో మీరే చూశారుగా? ఈ సాయంత్రానికల్లా చేసేయండి" అన్నారు.

"అయితే ఖాళీ చోట నొక్కినప్పుడు ఉత్త మెనూ చూపిద్దామండీ. మూడు పనులూ బూడిద రంగులో, నొక్కినా పనిచెయ్యకుండా."

"మళ్లీ పనిచెయ్యట్లేదంటారు. వద్దు."

ఆయన పైఅధికారి. నా అభ్యంతరం చెప్పాను, పరిష్కారం కూడా చెప్పాను. రెండూ ఆయన విన్నారు. సాయంత్రానికి ఆ లైన్లు తీసేశాను. మర్నాడు కౌంటరులో ఉన్నవాళ్లందరికీ నేనే తిరిగి చెప్పాను. ఇకనుంచి మెనూ ఎక్కడ నొక్కినా వస్తుంది, నీలి వరస చూసుకోండి అని. అందరూ తలూపారు. అప్పుడు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

బాలయ్య పెట్టె

అంజయ్య కౌంటరులో పనిచేసేవాడు. తుక్కుగూడ దగ్గరి పల్లె. నలభై దాటిన మనిషి. వ్యవసాయం వదిలి, పెద్దయ్యాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. కీబోర్డు మీద రెండు వేళ్లతోనే కొట్టేవాడు కానీ తప్పు కొట్టేవాడు కాదు. ఒక ఏజెన్సీ ద్వారా వచ్చినవాడు కాబట్టి సంస్థ ఉద్యోగి కాదు. నన్ను అక్కా అనేవాడు.

ఆ రోజు గల్ఫ్ నుంచి వచ్చిన విమానంలో ఒక శవపేటిక దిగింది. చనిపోయిన మనిషి పేరు బాలయ్య. అక్కడ తాపీ పని చేసేవాడట. నిద్రలోనే గుండె ఆగిందట. షాద్‌నగర్ అవతలి పల్లె నుంచి అతని భార్య సాయమ్మ, అతని తమ్ముడు రాములు అంబులెన్స్ మాట్లాడుకుని పొద్దున్నే వచ్చి గేటు బయట కూర్చున్నారు.

అంజయ్య బాలయ్య పెట్టె వరసను ఎంచుకుని, కాగితాలు తీసి, సంతకాల కోసం లోపలికి పంపాడు. ఆ వరస నీలిగానే ఉంది. ఈలోగా బెంగళూరు లారీ సూపర్‌వైజర్ వచ్చి తొందరపెట్టాడు. యంత్ర భాగాల డబ్బా ఒకటి ఎక్కించాలి, బండి వెళ్లిపోతోంది అన్నాడు. ఆ డబ్బా జాబితాలో అన్నిటికన్నా కింద ఉంది. అంజయ్య మౌస్‌ను దాని మీదికి తీసుకుపోయాడు. సరిగ్గా అప్పుడే పక్క కౌంటరులో ఎవరో ఒక సరుకు అప్పగించారు. అప్పగించిన వరస జాబితాలోంచి పోతుంది. మిగిలినవి ఒక మెట్టు పైకి జరుగుతాయి. డబ్బా వరస పైకి జరిగింది. అంజయ్య మౌస్ కింద ఇప్పుడున్నది ఖాళీ జాగా.

అతను రైట్ క్లిక్ చేశాడు. మెనూ వచ్చింది. లారీకి పంపు అని నొక్కాడు. బాలయ్య బెంగళూరు లారీకి వెళ్లాడు.

కింద ఒక హమాలీ అనుమానపడ్డాడు. "ఏంది, గీ పెట్టె బెంగళూరుకా?" అని అడిగాడు. "తెర మీద గట్లనే ఉన్నది. ఎక్కియ్యి" అన్నాడు సూపర్‌వైజర్. శవపేటికలు వేరే ఊళ్లకు లారీల మీద పోవడం అక్కడ కొత్తకాదు. ఎక్కించారు. బండి కదిలింది.

సంతకాలు పూర్తయి, సాయమ్మ వాళ్లను లోపలికి పిలిచాక గానీ పెట్టె లేదని తెలియలేదు. గొడవ విని నేను మెట్లు దిగి వచ్చాను. రాములు కౌంటరు చెక్కను గుద్దుతున్నాడు.

"లేదంటే ఏందన్నా? మనిషి శవం లేదంటవేంది? సామానా అది?"

సాయమ్మ అరవలేదు. నా దగ్గరికి వచ్చింది. ఆడమనిషినని కాబోలు, నన్నే అడిగింది.

"అక్కా, ఎటు పోయిండు?"

పెట్టె ఎటు పోయింది అనలేదు. లారీ సూపర్‌వైజర్ చెప్పాడు. "బెంగళూరు బండిల పోయింది అమ్మా. ఫోన్ చేస్తున్నం. డ్రైవర్ ఎత్తుతలేడు. వాపస్ తెప్పిస్తం."

"బెంగళూరు తొవ్వల్నా?" అంది ఆమె. "అయితే షాద్‌నగర్ కాడికెల్లే పోయిండు. మా ఊరి మలుపు కాడికెల్లే పోయిండు. మేమేమో ఈడ కూసున్నం."

ఊళ్లో అందరూ గుంత తవ్వి ఎదురుచూస్తున్నారని రాములు చెప్పాడు. రెండేళ్లకు వస్తున్న మనిషి ఇంటి ముందు నుంచే వెళ్లిపోయాడు. డ్రైవర్ ఫోన్ ఎత్తేసరికి బండి కర్నూలు దాటింది. తెప్పించేదాకా ఆగలేమని వాళ్లే అంబులెన్స్ తీసుకుని ఎదురు వెళ్లారు. మర్నాడు తెల్లవారాక గానీ బాలయ్య ఊరు చేరలేదట.

అంజయ్య కౌంటరు వెనక నుంచి నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, నేను గా డబ్బాదే ఒత్తిన. పెట్టె జోలికే పోలే. నా పిల్లల మీద ఒట్టు."

"మౌస్ ఏడ పెట్టినవ్ అంజయ్యా? ఏడ పెట్టినవో గా జాగ చూపియ్యి" అన్నాను.

చూపించాడు. ఖాళీ జాగా.

విచారణ

విచారణకు ముగ్గురు కూర్చున్నారు. సిబ్బంది విభాగం నుంచి ఒక అధికారిణి, భద్రత నుంచి ఒకాయన, మూడో మనిషి శ్రీధర్ గారు. ఆ మెనూ మార్చమన్న మనిషే ఆ మెనూ మీద తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నారు. ఇది తప్పండీ అని మొదటే అన్నాను. "ఆయన సాంకేతిక విషయాలు తెలిసినవారు" అంది అధికారిణి.

సరే, తెలిసినవారి ముందే చూపిద్దామని కంప్యూటర్ తెప్పించాను. ఒక వరస ఎంచుకున్నాను. తర్వాత కింద ఖాళీ జాగాలో రైట్ క్లిక్ చేశాను. మెనూ వచ్చింది. లారీకి పంపు అని నొక్కాను. పైనున్న వరస లారీకి వెళ్లింది.

"చూశారుగా. నేను ఆ వరసను ముట్టుకోలేదు" అన్నాను.

భద్రత నుంచి వచ్చినాయన ముందుకు వంగి చూశాడు. "మళ్లీ చెయ్యండి" అన్నాడు. మళ్లీ చేశాను. ఆయన శ్రీధర్ గారి వైపు చూశాడు.

శ్రీధర్ గారు గొంతు పెంచలేదు. "ఎస్తేరు గారూ, పైన నీలి రంగులో ఒక వరస కనపడుతోందా లేదా?"

"కనపడుతోందండీ."

"మరి అతను చూసుకోవాలి కదా. నొక్కేముందు చూసుకోమని మీరే అందరికీ చెప్పారట కదా?"

"చెప్పాను. ఎందుకు చెప్పవలసి వచ్చిందో అది కూడా రాసుకోండి. అంతకుముందు చెప్పే అవసరమే ఉండేది కాదు. ఖాళీ చోట మెనూయే వచ్చేది కాదు."

"అదంతా పాత సంగతి. ఆ రోజు ప్రోగ్రాం చెప్పిన పని చేసిందా, లేదా?"

"చేసిందండీ. మీరు చెప్పిన పనే చేసింది."

అధికారిణి కలం కింద పెట్టి, అంజయ్యను లోపలికి పిలిపించింది. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ పెట్టెను పంపింది మీ లాగిన్ నుంచేనా అని అడిగింది.

"నాదే మేడం. గానీ నేను పంపలే."

"మీ లాగిన్ నుంచే వెళ్లిందా, లేదా?"

"పోయింది మేడం."

ఆ ఒక్క జవాబు వాళ్లకు సరిపోయింది. ఏజెన్సీకి చెప్పారు. మర్నాటి నుంచి అంజయ్యను రావద్దన్నారు. సాయమ్మ కుటుంబానికి సంస్థ తరఫున చెప్పిన క్షమాపణలో "సిబ్బంది అజాగ్రత్త" అన్న మాట ఉందట. డైరెక్టరు పేరు గానీ శ్రీధర్ గారి పేరు గానీ ఎక్కడా రాలేదు. నన్ను కౌంటరు ప్రోగ్రాముల నుంచి తప్పించి, హాజరు యంత్రాలు చూసే పనిలో వేశారు. విచారణలో నేను మర్యాద తప్పానని శ్రీధర్ గారు ఎవరితోనో అన్నారట.

తప్పించే ముందు చివరిగా ఒక పని చెప్పారు. శ్రీధర్ గారే నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఆ మెనూ... ముందులా, వరసల మీద మాత్రమే వచ్చేలా చేసేయండి. చిన్న మార్పే కదా" అన్నారు.

చిన్న మార్పే. టీ తెచ్చిన మనిషి కప్పు పెట్టి వెళ్లేలోపు అయిపోయింది.

తర్వాత

ఆ మాట చెబుదామని అంజయ్య ఇంటికి వెళ్లాను. సంతోషిస్తాడని కాదు, అతనికి తెలియాలని. వాకిట్లో మంచం వేసి కూర్చోబెట్టాడు. అప్పటికే అతను సాయమ్మ ఊరికి వెళ్లి వచ్చాడట.

"ఎందుకు పోయినవ్ అంజయ్యా?"

"పోవాలనిపించిందక్కా. కాళ్లు మొక్కుదామని పోయిన. ఆమె మరిది కొట్టనీకి వచ్చిండు. ఆమెనే ఆపింది. మంచినీళ్లిచ్చింది. ఇంకేం అనలే."

నేను మెనూ మార్చారని చెప్పాను. ఇక ఖాళీ జాగాలో నొక్కితే రాదని చెప్పాను.

"తప్పు నాదైతే మెనూ ఎందుకు మార్చిన్రక్కా?"

ఈ ప్రశ్న నేను మోసుకుపోయి శ్రీధర్ గారి ముందు పెట్టాను. ఉన్నదున్నట్టు, అంజయ్య అడిగాడని చెప్పే పెట్టాను. "అది మెరుగుపరచడం అండీ. దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నారాయన. ఫోన్ మోగితే ఎత్తుకున్నారు. నేను వచ్చేశాను. రిటైరయ్యేదాకా హాజరు యంత్రాలే చూశాను. నా వీడ్కోలు సభలో నా క్రమశిక్షణ గురించి ఆయన చాలా మంచిగా మాట్లాడారు.

కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేదేమిటంటే, మెనూని వస్తువు మీదే చూపించండి. ఖాళీ చోట చూపించకండి. శీర్షికల పట్టీ మీద చూపించకండి. కొందరు మౌస్ లేకుండా కీబోర్డు మీదినుంచే మెనూ తెరుస్తారు. అప్పుడు ఏ వరస ఎంపికై ఉందో దాని పేరు మెనూలోనే పైన రాయండి. జాబితా దానంతటది కదిలేదైతే, మెనూ తెరిచి ఉన్నంతసేపు దాన్ని కదలనివ్వకండి. ఇవన్నీ ఒక పూట పని. తీసెయ్యమని ఎవరైనా అంటే ఎందుకో పదిమందిలో అడగండి. గదిలో అడిగితే గదిలోనే ఉండిపోతుంది. నేను గదిలో అడిగాను. పదిమందిలో అడిగితే గెలుస్తారని మాత్రం చెప్పను. విచారణలో ముగ్గురి ముందూ చేసి చూపించాను. ఏమైందో చూశారు.

మొన్న మా బంధువుల పెళ్లికి వచ్చినవాళ్లను దించడానికి శంషాబాద్‌లో హైవే పక్కనున్న ఒక లాడ్జికి వెళ్లాను. గుమ్మం దగ్గర కాపలా మనిషి లేచి నిలబడి "అక్కా, మంచిగున్నరా?" అన్నాడు. అంజయ్య. జుట్టు పూర్తిగా నెరిసింది. సామాను తనే అందుకుని లోపల పెట్టాడు. కౌంటరులో ఉన్న ఆడమనిషి చేతిలో ఏవో తాళాలున్నాయి. "అంజయ్యన్నా, జర ఆ కంప్యూటర్ల ఓకే నొక్కవా" అంది. తెర మీద ఒకే ఒక పెద్ద బటన్ ఉంది. పక్కన ఇంకేం లేదు. పొరపాటు పడదామన్నా వీలుకాదు.

అంజయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను ఒత్తనమ్మా. నువ్వే వచ్చి ఒత్తుకో" అన్నాడు. ఆమె విసుక్కుంటూ వచ్చి నొక్కింది.

బయటికొచ్చాక అడిగాను. "ఎందుకు ఒత్తలేదు అంజయ్యా?"

"నా చెయ్యి మంచిది కాదక్కా" అన్నాడు.

నీ చెయ్యి మంచిదే అని చెప్పాను. తప్పు ఎక్కడుందో మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పాను. అతను మర్యాదగా అంతా విన్నాడు, తలూపాడు. ఇంకో కారు వచ్చి ఆగితే తలుపు తీయడానికి వెళ్లిపోయాడు. నా మాట అతను నమ్మలేదు. వాళ్ల మాటే నమ్మాడు.